అవధానమే ఆరాధన

ధనుర్మాసంలో మా ఊరు తెల్లవారకముందే మేల్కొంటుంది. గోదావరి మీదినుంచి వచ్చే మంచు ఇంకా వీధుల్లో ఉండగానే ప్రతి వాకిట్లోనూ కళ్లాపి చల్లిన తడి, ఆ తడి మీద తెల్లని ముగ్గు, ముగ్గు నడుమ గుమ్మడిపూలు తురిమిన గొబ్బెమ్మలు దర్శనమిస్తాయి. శివాలయంలో అర్చకత్వం నా వృత్తి. స్నానసంధ్యలు ముగించుకుని సరిగ్గా ఆ వేళకే ఇల్లు వదులుతాను. నలభై ఏళ్లకు పైబడి ఇదే దినచర్య.

కొన్నేళ్ల క్రితం ధనుర్మాసం మొదటి వారంలో ఒకనాడు గడప దాటి వీధిలోకి వస్తుండగా ఎదురింటి ఇల్లాలు గబగబా నడిచి వచ్చింది. ‘‘శాస్త్రిగారూ, పిన్నిగారు కులాసాయేనా? ఇంట్లో ఏమైనా...’’ అని సగంలో ఆగిపోయింది. ఆమె చూపు మా వాకిలి మీద ఉంది. అప్పుడు నేనూ చూశాను. వాకిట్లో ముగ్గు లేదు.

ముగ్గు లేని వాకిలికి మన సంప్రదాయంలో ఒక అర్థం ఉంది. ఆశౌచం ఉన్న ఇంటిముందు ముగ్గు వేయరు. తద్దినం నాడు పితృకార్యం పూర్తయ్యేవరకు ముగ్గు వేయరు. పండుగ నెలలో, అందునా అర్చకుడి ఇంటి ముందు నేల బోసిగా ఉంటే చూసినవారి మనసు కీడు శంకించడంలో వింత లేదు. ముందురోజు సాయంత్రం నా ధర్మపత్ని నూతిగట్టు దగ్గర కాలుజారి పడింది. కుడిచేతి మణికట్టు ఎముక చిట్లింది. వైద్యుడు ఆరు వారాలపాటు కట్టు ఉంచాలన్నాడు. ఆ మాటే చెప్పాను. ఆమె నిట్టూర్చి, ‘‘అమ్మయ్య, ఇంకేమో అనుకున్నాను. కావాలంటే ముగ్గు స్టిక్కరు ఒకటి తెచ్చి అంటిస్తానండీ’’ అంది. వద్దని చెప్పి గుడివైపు నడిచాను.

దారిలో ఒక ఆలోచన వచ్చింది. మొన్నటి ముగ్గు ఏమిటి? పద్మమా? మెలికల ముగ్గా? గుర్తు రాలేదు. అంతకు ముందురోజుది? అదీ గుర్తు రాలేదు. నలభై ఏళ్లలో వేలాది ముగ్గులను దాటి వెళ్లిన నాకు, ఒక్కదాని రూపమైనా మనసులో లేదు. తొక్కకుండా జాగ్రత్తగా పక్కనుంచి నడిచేవాణ్ని. అంతే. నా కాలు చూసింది, నేను చూడలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ‘‘నీకెన్ని రకాల ముగ్గులు వచ్చు?’’ అని అడిగాను. ఆమె నా ముఖంలోకి కాసేపు చూసి, ‘‘ఇన్నాళ్లకు అడిగారా?’’ అని నవ్వింది. ఆ నవ్వులో నిష్ఠూరం లేదు. ఉండి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

నాలుక నడుస్తోంది, మనసెక్కడ?

ఆ వారంలోనే మరొకటి జరిగింది. ఒక యువదంపతులు బిడ్డ పేరిట అభిషేకం చేయించడానికి వచ్చారు. మర్నాడు ఆ పసివాడికి శస్త్రచికిత్స. గోత్రనామాలు అడిగాను, వారు చెప్పారు, నేను తల ఊపాను. సంకల్పం మొదలుపెట్టి, అంతకు ముందు వచ్చినవారి గోత్రమూ, వారి పేరూ చెప్పాను. ఆ తండ్రి మెల్లగా, ‘‘పంతులుగారూ, అది మాది కాదండీ’’ అన్నాడు. తలెత్తి చూశాను. ఆ తల్లి ముఖంలో కోపం లేదు, భయం ఉంది. ఆమె ఆ ఒక్క సంకల్పం కోసం ఎంత దూరంనుంచి వచ్చిందో, రాత్రంతా ఎలా గడిపిందో ఆ చూపులోనే తెలిసింది. ఆచమనం చేసి సంకల్పం తిరిగి చెప్పి అభిషేకం జరిపించాను. బిడ్డ క్షేమంగా ఇంటికి చేరాడని తరువాత తెలిసింది. స్వామి దయ అది. అంతమాత్రాన నా దోషం దోషం కాకుండా పోదు.

ఆనాడు రుద్రం చెబుతూ మరో విషయం గమనించాను. నమకంలో ఏడవ అనువాకంలో ఉన్నాను. కానీ నాలుగు, అయిదు, ఆరు అనువాకాలు ఎప్పుడు గడిచాయో తెలియదు. స్వరం తప్పలేదు, అక్షరం జారలేదు. నాలుక తన పని తాను చేసుకుపోయింది. ఆ మూడు అనువాకాలసేపు గర్భాలయంలో నా శరీరం ఉంది, నేను లేను.

ఇది అభ్యాసంవల్ల వచ్చిన దోషమని చెబితే పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. అభ్యాసం గొప్పది. మమ్మటుడు కావ్యప్రకాశంలో కవిత్వానికి హేతువులు చెబుతూ శక్తి, నిపుణత అనే రెంటి సరసన అభ్యాసాన్నీ నిలిపాడు. మా వేదవిద్య అంతా అభ్యాసం మీదే నిలబడింది. సంహిత, పదపాఠం, క్రమం వచ్చిన తరువాత జట, ఘన నేర్చుకుంటాం. ఘనలో మూడు పదాలు ఉన్నాయనుకోండి. ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు అని ముందుకూ వెనుకకూ అల్లుకుంటూ చెప్పాలి. మూడు పదాలే పదమూడు ఉచ్చారణలవుతాయి. ఆ వెంటనే రెండో పదం నుంచి మళ్లీ అదే అల్లిక. ఉదాత్త, అనుదాత్త, స్వరితాలు ప్రతి కలయికలోనూ శాస్త్రప్రకారం మారుతుంటాయి. కాగితం లేకుండా, గురుముఖతః వేలాది సంవత్సరాలు అక్షరం చెదరకుండా వేదం మనదాకా వచ్చిందంటే ఈ అల్లికే కారణం. భారతీయ వేదపఠన సంప్రదాయాన్ని యునెస్కో 2003లో మానవాళి మౌఖిక వారసత్వపు మహత్తర కృతిగా ప్రకటించింది కూడా.

అయితే అదే అభ్యాసం ముదిరినకొద్దీ నాలుకకు మనసు అవసరం తగ్గుతుంది. నేర్చుకునే పిల్లవాడికి ప్రతి అక్షరం దగ్గరా మనసు ఉండి తీరాలి, లేకుంటే తప్పుతాడు. నేర్చినవాడు మనసు లేకుండానే తప్పకుండా చెప్పగలడు. గురువు ముందు కూర్చున్న పిల్లవాడికి ఉన్నది, నలభై ఏళ్ల అనుభవం ఉన్న నాకు లేకపోయింది. వంట చేసే తల్లికీ, బండి నడిపే డ్రైవరుకూ, పాఠం చెప్పే ఉపాధ్యాయుడికీ ఇది అనుభవమే. చేయి తిరిగిన చోటే మనసు నిద్రపోతుంది.

తైత్తిరీయ సంహితలో త్వష్ట కథ ఉంది. దేవతలకు శిల్పి ఆయన. ఇంద్రుడికి వజ్రాయుధాన్ని మలిచినవాడు. తన కుమారుణ్ని ఇంద్రుడు సంహరించగా, ఇంద్రుణ్ని వధించగల కొడుకు కోసం హోమం చేశాడు. ‘ఇంద్రశత్రు’ అనే మాటలో స్వరం మారింది. ఇంద్రుణ్ని చంపేవాడు అనవలసిన చోట ఇంద్రుడి చేత చచ్చేవాడు అనే అర్థం వచ్చింది. పుట్టిన వృత్రుడు ఇంద్రుడి చేతిలోనే హతుడయ్యాడు. స్వరదోషానికి దృష్టాంతంగా ఈ కథను వేదపాఠశాలల్లో చెబుతారు. నాకు ఇప్పుడు మరొకటి తోస్తుంది. శిల్పులందరికీ శిల్పి అయినవాడికే ఒక్క క్షణం ఏమరుపాటు తప్పలేదు. ఇక మనమెంత?

అవధానం అనే మాట

మన తెలుగువారికి ఒక గొప్ప మాట ఉంది, అవధానం. ‘ధా’ ధాతువుకు ఉంచడం అని అర్థం. ‘అవ’ ఉపసర్గ చేరి అవధానమైంది. మనసును తీసుకువచ్చి ఒకచోట ఉంచడమే అవధానం. వేదం అధ్యయనం చేసినవారి పేరు చివర ‘అవధాని’ అని చేర్చడం మనకు అలవాటు. కంఠస్థం చేశాడు కనుక ఆ పేరు వచ్చిందని చాలామంది భావిస్తారు. మనసు ఉంచగలడు కనుక వచ్చిందని గ్రహించాలి.

ఈ మాటతోనే తెలుగువారు ఒక కళను పెంచి పోషించారు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. నిషిద్ధాక్షరి ఇచ్చేవారు అడుగడుగునా ఒక్కో అక్షరాన్ని నిషేధిస్తుంటారు. దత్తపది ఇచ్చేవారు పొసగని మాటలిచ్చి వాటిని పద్యంలో ఇమడ్చమంటారు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు మధ్యమధ్య గంట కొడుతుంటే ఎన్ని గంటలయ్యాయో లెక్క ఉంచుకోవాలి. అప్రస్తుత ప్రసంగం చేసేవారి పనే మనసు చెదరగొట్టడం. అన్నిటికీ సమాధానం చెబుతూనే చివర పద్యాలన్నీ తిరిగి ధారణ చేయాలి. తిరుపతి వేంకటకవులుగా ప్రసిద్ధులైన దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872-1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870-1950) ఈ కళను సంస్థానాల్లోనూ సభల్లోనూ ఊరూరా తిప్పి తెలుగువారి సొత్తు చేశారు.

అవధాన సభలో మనం చప్పట్లు కొట్టేది పద్యానికి మాత్రమే కాదు. గంట మోగుతున్నా, పక్కవాడు ఆటపట్టిస్తున్నా, తాను ఉంచిన చోటే ఉన్న మనసుకు కొడతాం. ఒక్కసారి ఆలోచించండి. ఉదయం ఆరు నుంచి ఎనిమిది మధ్య ఒక ఇల్లాలి వంటగదిలో ఎంతమంది పృచ్ఛకులు! పాలు పొంగుతుంటాయి. కుక్కరు కూత పెడుతుంది. బడికి వెళ్లే పిల్లవాడు మేజోళ్లు కనబడటం లేదంటాడు. అత్తగారికి మందు వేళవుతుంది. ఫోను మోగుతుంది. ఇన్నింటి నడుమ ఆమె కూరలో ఉప్పు సరిపోయేలా వేస్తుంది. బిరుదు ఇవ్వకపోయినా, కనీసం మనం ఆమెను అవధానిగా గుర్తించామా?

ఆలయంలో ఈ మాటకు మరో రూపం ఉంది. షోడశోపచారాలు పూర్తయ్యాక రాజోపచారాల్లో స్వామికి వేదం, శాస్త్రం, పురాణం, గీతం, నృత్యం ఒక్కొక్కటే సమర్పిస్తూ ‘అవధారయ’ అని విన్నవిస్తాం. అవధరించు స్వామీ, మనసు పెట్టి ఆలకించు అని ప్రార్థన. సంకల్పం తప్పిన ఆ రోజున ‘అవధారయ’ అనే మాట నోటినుంచి వస్తుండగా నా గొంతు ఒక్క క్షణం ఆగింది. మనసు పెట్టమని స్వామిని అడుగుతున్న నేను ఎక్కడ మనసు పెట్టాను?

కళ ఎవరి సొత్తు?

కళ అనగానే మనకు సభావేదికలు, బిరుదులు, సన్మానాలు గుర్తుకు వస్తాయి. మనకు పాట రాదు, బొమ్మ రాదు, కనుక కళ మనది కాదనుకుంటాం. మన ప్రాచీనుల లెక్క వేరు. కళలు అరవైనాలుగన్నారు. వాత్స్యాయనుడు చెప్పిన ఆ జాబితాలో గీతం, వాద్యం, నృత్యంతోపాటు బియ్యంతో పూలతో నేలమీద అలంకారాలు తీర్చడం ఉంది. పూలదండలు గుచ్చడం ఉంది. వంట ఉంది. కుట్టుపని ఉంది. లలితా సహస్రనామాల్లో అమ్మవారికి చతుష్షష్టికళామయి అనే నామం ఉంది. అరవైనాలుగు కళలూ అమ్మవారి స్వరూపమే అయినప్పుడు వాకిట్లో ముగ్గూ ఆమె స్వరూపమే.

ఐతరేయ బ్రాహ్మణం ఇంకొంచెం ముందుకు వెళ్లి శిల్పాలను ఆత్మసంస్కారమని చెబుతుంది. దైవశిల్పాలకు అనుకరణగా మనిషి చేసేవి శిల్పాలంటూ కంచు, వస్త్రం, బంగారం, రథం వంటివాటిని పేర్కొంటుంది. వీటితో యజమానుడు తన్నుతాను సంస్కరించుకుంటాడని దాని తాత్పర్యం. అంటే చేయి వస్తువును మలుస్తుంటే, ఆ పని చేతి వెనకున్న మనిషిని మలుస్తుంది. మనసు పెట్టి చేసిన పని చేసేవాణ్ని మార్చి వదులుతుంది. మనసు పెట్టనిది ఎంత చక్కగా కుదిరినా చేసినవాడికి దక్కదు.

నా నాలుక నన్ను విడిచి దాటేసిన ఆ నాలుగో అనువాకంలో ఏముందో తెలుసా? శతరుద్రీయంలో రుద్రుడికి నమస్కరిస్తూ, వడ్రంగులకు నమస్కారం, రథాలు చేసేవారికి నమస్కారం, కుమ్మరులకు నమస్కారం, కమ్మరులకు నమస్కారం, బాణాలు చేసేవారికి, విల్లులు చేసేవారికి నమస్కారం అని ఋషి చెప్పిన చోటు అది. పని చేసే ప్రతి చేతిలోనూ ఋషి రుద్రుణ్ని చూశాడు. ఆ నమస్కారాలను నిత్యం ఉచ్చరించే నేను, నా ఇంటి వాకిట్లో పనిచేసే చేతిని చూడలేదు.

వెనకవైపు పూలు

మా గుడికి పూలదండలు కట్టి ఇచ్చే ముసలమ్మ ఒకామె ఉంది. అరటినారతో చామంతి, కనకాంబరం, మరువం కలిపి కడుతుంది. మర్నాటి ఉదయం గర్భాలయం తెరిచి నిర్మాల్యం తీయడం నా మొదటి పని. నిన్నటి దండలన్నీ ఒక గంపలోకి చేరతాయి. సంకల్పం తప్పిన మర్నాడు, తీసిన దండను వెంటనే గంపలో వేయకుండా చేతుల్లో పట్టుకుని చూశాను. లింగం వెనకవైపుకు వెళ్లే పూలు, ఎవరికీ కనబడనివి, ముందువైపు పూలంత మేలైనవే. ముడులు అదే దూరంలో ఉన్నాయి. ప్రతి పువ్వూ ఒకే వైపు తిరిగి ఉంది.

ఆమె రాగానే అడిగాను. ‘‘అమ్మా, వెనకవైపు పూలు ఎవరికీ కనబడవు కదా, అక్కడ కూడా మంచివే ఎందుకు కడతావు?’’

‘‘ముందరి పూలు చూడొచ్చినోళ్లకండి పంతులుగారూ. సామికి తగిలేవి ఎనకాలవే కదండీ’’ అంది.

తర్కశాస్త్రం చదివిన నాకు ఆ మాటకు జవాబు దొరకలేదు. దండ మర్నాటికి నిర్మాల్యమవుతుంది. ముగ్గు మధ్యాహ్నానికి చెరిగిపోతుంది. బియ్యప్పిండి అయితే చీమలు పట్టుకుపోతాయి. వేదం గాలిలో కలుస్తుంది. వంట పూటలో అయిపోతుంది. గృహస్థుల కళలన్నీ ఇలా ఆ పూటకే పుట్టి ఆ పూటకే సెలవు తీసుకునేవి. అందుకే వాటిని చిన్నచూపు చూస్తాం. కానీ నిలవదని తెలిసి కూడా లోపం లేకుండా చేసే మనిషి ఫలం దేనిలో వెతుక్కుంటుంది? ఆ చేయడంలోనే. గీతాచార్యుడు బోధించిన కర్మయోగం పుస్తకం చదవకుండానే ఆమె చేతికి వచ్చింది.

దండ కట్టే చేతులకు మన సాహిత్యం పట్టాభిషేకమే చేసింది. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు స్వామికి తులసిమాలలు కట్టేవాడు. ఆయన కుమార్తె గోదాదేవి ఆ మాలను ముందు తాను ధరించి, స్వామికి నప్పుతుందో లేదో చూసుకుని పంపేది. తండ్రి కనిపెట్టి బాధపడి ఆనాటి మాల పంపకపోతే, ఆమె ధరించిన మాలే తనకు కావాలని స్వామి స్వప్నంలో చెప్పాడు. ధరించి విడిచిన మాలను ఇచ్చినది అనే అర్థంలో ‘ఆముక్తమాల్యద’ అని పేరుపెట్టి, 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు తెలుగులో మహాకావ్యం రచించాడు. అంత సామ్రాజ్యాన్ని ఏలిన ప్రభువుకు కావ్యవస్తువుగా దొరికినది ఒక తోటమాలి ఇంటి పూలదండ!

తాళ్లపాక అన్నమాచార్యులు (1408-1503) కూడా ఈ రహస్యం ఎరిగినవాడే. ముప్పైరెండు వేల సంకీర్తనలు రచించాడని ప్రసిద్ధి. వాటిలో బిడ్డను ఊయల ఊపే లాలిపాటల బాణీలున్నాయి, వడ్లు దంచే సువ్విపాటల బాణీలున్నాయి, వసంతోత్సవంలో పాడుకునే జాజరలున్నాయి. అప్పటికే స్త్రీల నోట, శ్రామికుల నోట ఉన్న పాటలవి. రోకలి పడే ప్రతిసారీ స్వామిని తలచుకునే వీలు కల్పించాడు. పని ఆపి పాడమనలేదు, పనిలోనే పాడమన్నాడు. అవధానానికి ఇంతకంటే సులభోపాయం ఏముంటుంది?

ముప్పైఏడు చుక్కలు

తిరిగి మా వాకిట్లోకి వస్తాను. కట్టు విప్పడానికి ఇంకా నాలుగు వారాలు ఉండగా ఒక ఆదివారం తెల్లవారుజామున నా ధర్మపత్నితో, ‘‘నువ్వు అరుగు మీద కూర్చుని చెప్పు, నేను వేస్తాను’’ అన్నాను. ‘‘ఏమండీ, వీధిలో అందరూ చూస్తారు’’ అంది. ‘‘చూడనీ’’ అన్నాను.

ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వరకు అని చెప్పింది. నడుమ వరుసలో ఏడు, దానికి అటూఇటూ ఆరు, అయిదు, నాలుగు. మొత్తం ముప్పైఏడు చుక్కలు. ఆమెకు అది పిల్లలు నేర్చుకునే ముగ్గు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు నడుమ పిండి పట్టి, సన్నని ధారగా వదలాలి. మొదటి వరుసే వంకరపోయింది. పిండి ఒకచోట కుప్పగా పడింది, మరోచోట పడనే లేదు. ఆ పైన మెలిక. గీత ప్రతి చుక్క చుట్టూ తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చి కలవాలి. ఒక్క చుక్క దగ్గర దారి తప్పితే మొత్తం మూసుకోదు. నాది మూసుకోలేదు.

అరుగు మీదినుంచి ఆమె అంది. ‘‘మీరు చేతిని చూస్తున్నారు. చేతిని చూడకండి, వెళ్లాల్సిన చుక్కను చూడండి. చెయ్యి దానంతటదే వెళ్తుంది.’’

మా గురువుగారు ఘన నేర్పేటప్పుడు చెప్పినది కూడా ఇదే. నాలుకను కనిపెట్టుకుని ఉండకు, రాబోయే పదం మీద మనసు ఉంచు అనేవారు. యాభై ఏళ్ల క్రితం పాఠశాలలో విన్నది, మా ఇంటి అరుగు మీదినుంచి మళ్లీ వినిపించింది. ధారణ అంటే చిత్తాన్ని ఒకచోట బంధించడమనీ, అది ఎడతెగకుండా సాగితే ధ్యానమనీ పతంజలి చెప్పాడు. ఆయన చెప్పిన చోటు హృదయకమలమే కానక్కరలేదు. పిండితో పెట్టిన చుక్కయినా కావచ్చు.

చెరిపి మళ్లీ వేశాను. మూడోసారి గీత మూసుకుంది. వంకరగానే ఉంది. ఆమె చాలాసేపు చూసి ‘‘బాగానే ఉంది’’ అంది. వేదసభల్లో కప్పిన శాలువాలు కొన్ని మా ఇంట్లో ఉన్నాయి. ఆ మాట వాటికి తీసిపోదు.

ఇంటింటా ఒక సాధన

గృహస్థులైన పాఠకులకు నేను చేసే మనవి చిన్నది. ఉద్యోగాలు మాని, సంసారం వదిలి కళాసాధన చేయమనడం లేదు. నిత్యం చేసే పనుల్లో ఒక్కదాన్ని ఎంచుకోండి. దీపానికి వత్తి చేయడం కావచ్చు, తులసికోట దగ్గర నీళ్లు పోయడం కావచ్చు, నైవేద్యానికి అన్నం వండటం కావచ్చు, పిల్లలకు జడ వేయడం కావచ్చు. ఒక మండలంపాటు ఆ ఒక్క పనిని అర్చనగా చేయండి. చేసే ముందు ఇష్టదైవాన్ని ఒకసారి తలచుకుని మనసులో ‘అవధారయ’ అనుకోండి. ఫోను పక్కన పెట్టండి. మనసు జారిపోతుంది, తప్పదు. జారినట్టు తెలిసిన క్షణాన తిరిగి తెచ్చి ఉంచండి. ఎన్నిసార్లు తెచ్చి ఉంచితే అన్ని పుష్పాలు సమర్పించినట్టు.

అపార్టుమెంట్లలో వాకిళ్లు లేవు కదా అని కొందరు అడుగుతారు. గడప ముందు జానెడు చోటు చాలు. నాలుగు చుక్కలు, వాటి చుట్టూ ఒక్క గీత చాలు. స్టిక్కరు అంటించుకున్నవారిని నేను తప్పుపట్టను. వయసు, ఆరోగ్యం, ఉద్యోగం ఎవరి ఇబ్బందులు వారివి. అయితే ఆ స్టిక్కరు ముందు రోజూ ఒక్క పువ్వు మీ చేత్తో పెట్టండి. విదేశాల్లో ఉన్న పిల్లలకు మంచు కురిసే గుమ్మంలో ముగ్గు నిలవదు. పూజగదిలో పీట మీద వేసుకోవచ్చు.

రెండో మనవి పురుషులకు, ముఖ్యంగా నా వయసువారికి. కళ సృష్టించడమే కాదు, కళను చూడటం కూడా అవధానమే. మీ ఇంట్లో మీకోసం రోజూ జరిగే పనిని ఒక్కసారి నిలబడి చూడండి. ఎలా చేస్తారో అడగండి. ఆ పని ఆగిపోయిననాడు కాక, జరుగుతుండగానే చూడండి. సభలో అవధానికి పృచ్ఛకులతోపాటు శ్రోతలూ ఉంటారు. ఇంటి అవధానికి ఆ ఒక్క శ్రోత మనం కాకపోతే మరెవరు?

నా విషయంలో ఆ సంఘటన తరువాత రెండు మార్పులు వచ్చాయి. సంకల్పానికి ముందు గోత్రనామాలు విని, వచ్చినవారి ముఖం చూసి, ఒకసారి తిరిగి వారికే చెప్పి, అప్పుడు మొదలుపెడుతున్నాను. పండుగనాడు వరుస పెద్దదైనా సరే. నమకంలో నాలుగో అనువాకం దగ్గరకు రాగానే ఊపిరి నిదానించి, కుమ్మరికీ కమ్మరికీ విడివిడిగా నమస్కరిస్తున్నాను. ఇప్పటికీ కొన్ని రోజులు మనసు జారుతుంది. జారిందని మాత్రం తెలుస్తోంది.

మా ఇంటావిడ మణికట్టు మునుపటిలా లేదు. చలికాలంలో నొప్పి చేస్తుంది. పెద్ద ముగ్గు వేయలేదు. అందుకని ఇప్పుడు ధనుర్మాసంలో చుక్కలు ఆమె పెడుతుంది, గీతలు నేను కలుపుతాను. కనుమ నాడు రథం ముగ్గు వేసి, ఆ రథానికి తాడు గీసి పొరుగింటి ముగ్గుతో కలపడం మా వీధి ఆచారం. గతేడు ఆ తాడు నేనే గీశాను. ఎదురింటి ఇల్లాలు తన గుమ్మంలోంచి చూసి, ‘‘పిన్నిగారూ, శాస్త్రిగారి తాడు వంకర పోయిందండోయ్’’ అని నవ్వింది.

పోయింది నిజమే. అయినా వాళ్ల రథం దాకా చేరింది.